బ్లీచు, వెనిగర్, వంటసోడా కలిపి చల్లితే గోడ మీది బూజు పోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పడకగదిలో బయటి గోడకు ఆనించిన బీరువా వెనక, బాత్రూం పైకప్పు మూలల్లో, టైల్స్ సందుల్లో నల్లటి బూజు పట్టింది. ఇంట్లో పాకే వయసు పాప ఉంది. బ్లీచు, వెనిగర్, వంటసోడా, గిన్నెలు తోమే సబ్బు ద్రవం దగ్గర ఉన్నాయి. మొదటి మూడూ కలిపి చల్లితే బూజు మళ్లీ రాదని ఒక వీడియోలో విన్నారు. అది నిజమేనా, కాకపోతే దేన్ని ఎక్కడ వాడాలి?

కలపవద్దు. బ్లీచులో వెనిగర్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను కాల్చే విషం. మీ ఇంట్లో ఉన్న నాలుగింటిలో ఈ పనికి ఎక్కువగా పనికొచ్చేది మీరు చివర రాసిన సబ్బు ద్రవమే. రంగు వేసిన గోడకూ పైకప్పుకూ సబ్బునీళ్లు, తడిగుడ్డ చాలు. టైల్స్ సందుల్లో సబ్బుతో తోమి కడిగాక కూడా మరక మిగిలితే, అప్పుడు నీళ్లు కలిపిన బ్లీచు ఒక్కటే, ఇంకేమీ చేర్చకుండా వాడవచ్చు. ఇక ఏది వాడినా చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టకపోతే బూజు కొన్ని వారాల్లో అదే చోటికి తిరిగి వస్తుంది. జవాబు ఇంతే. కారణాలు కూడా తెలిస్తే పని సరిగ్గా జరుగుతుంది కాబట్టి మిగతాది రాస్తున్నాను.

నేను 18 ఏళ్లుగా ఇళ్లలో చెమ్మ, నీటి ఊట, వాటి వెంట వచ్చే బూజు చూసే పనిలో ఉన్నాను. మన భాషలోనే ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాత సాలెగూళ్లకు దుమ్ము పట్టి వేలాడేదాన్నీ బూజు అంటాం, చెమ్మకు గోడ మీద మొలిచేదాన్నీ బూజే అంటాం. పేరు ఒకటే కావడంతో చాలామంది రెండింటికీ ఒకే వైద్యం చేస్తారు, చీపురు తీసుకుని దులుపుతారు. సాలెగూడు దులిపితే దుమ్ము రాలుతుంది, అంతే. చెమ్మ బూజు మాత్రం శిలీంధ్రం. పొడిగా గీకినా, దులిపినా దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా బూజును వ్యాపింపజేసే సన్నటి కణాలు, లక్షల్లో లేస్తాయి. చాలా రకాల్లో వాటి పరిమాణం 2 నుంచి 10 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అవి కంటికి కనిపించవు, గాలిలో చాలాసేపు తేలుతూ పక్క గదిలోకి వెళ్తాయి. అందుకే మొదటి నియమం: తడపకుండా ముట్టుకోవద్దు. మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు. అది ముందు నుంచి పీల్చిన సిద్ధబీజాలను వెనక నుంచి గదిలోకే ఊదుతుంది.

రెండో అపోహ, బూజును 'చంపాలి' అనుకోవడం. వీడియోలన్నీ దేనితో చంపాలన్న చర్చతోనే నిండి ఉంటాయి. చచ్చిన సిద్ధబీజాలూ, చచ్చిన తంతువుల (బూజు సన్నటి పోగుల) ముక్కలూ ముక్కులోకి వెళ్తే అలర్జీ ఉన్నవారికి తుమ్ములు, ఆయాసం తెప్పించగలవు. కాబట్టి చంపి గోడ మీదే వదిలేస్తే లాభం లేదు, తుడిచి ఇంట్లోంచి బయటికి పంపాలి. ఆ పనికి కావలసింది విషం కాదు. మురికిని ఉపరితలం నుంచి విడదీసే సబ్బు, రుద్దే చెయ్యి, తరచూ మార్చే నీళ్లు చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా గట్టి ఉపరితలాల మీది బూజును నీళ్లు, డిటర్జెంటుతో రుద్ది పూర్తిగా ఆరబెట్టమనే చెబుతుంది. బ్లీచును మామూలు పద్ధతిగా అది సిఫార్సు చేయదు. ఈ మాట చెబితే ఇంటివాళ్లు నమ్మరు. ఘాటైన వాసన లేనిదే శుభ్రం కాలేదనిపిస్తుంది చాలామందికి. ఒకసారి ఒక పెద్దావిడ నేను సబ్బునీళ్లతో పని ముగించి వెళ్లాక, తృప్తి కలగక బ్లీచు కూడా పూశారు. గోడ రంగు మచ్చలుగా తెల్లబోయింది. బూజు పోయినందుకు కాక, గోడ పాడైనందుకు మళ్లీ పిలిచారు.

బ్లీచు పనికిరానిదని నేను అనడం లేదు. దాని పరిధి చిన్నది. అందులో పనిచేసే పదార్థం సోడియం హైపోక్లోరైట్. ఇళ్లలో వాడేదానిలో అది సాధారణంగా 5 శాతం దగ్గర ఉంటుంది, మిగతాది దాదాపు అంతా నీరే. మెరుపు టైలు, గాజు, గట్టి ప్లాస్టిక్ వంటి నీరు పీల్చని వాటి మీద బాగా పనిచేస్తుంది. సున్నపు గోడ, పుట్టీ, చెక్క, అట్ట వంటి పీల్చే గుణం ఉన్నవాటి మీద పోస్తే నీరు లోపలికి ఇంకుతుంది, హైపోక్లోరైట్ పైపైనే ఖర్చయిపోతుంది. నల్లరంగు పోతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. లోపల తంతువులు మిగిలే ఉంటాయి, పైగా మనమే వాటికి కాస్త నీరు పోసినట్టవుతుంది. కొద్ది వారాలకు అదే నక్ష మళ్లీ తేలుతుంది.

కలిపే పాళ్లు: నాలుగు లీటర్ల నీళ్లకు 250 మిల్లీలీటర్లు మించకూడదు. ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేయదు, కళ్లు ఎక్కువ మండుతాయి. చల్లటి నీళ్లే వాడండి. వేడినీళ్లలో అది త్వరగా విచ్ఛిన్నమవుతుంది, ఆవిరీ ఎక్కువ వస్తుంది. ముందు సబ్బుతో తోమి, సబ్బంతా కడిగాకే పూయాలి. మురికి మీద పోస్తే బలమంతా మురికితోనే తీరిపోతుంది. గుడ్డతో అద్ది పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. స్ప్రే సీసాతో పైకప్పు మీదికి కొట్టవద్దు, తుంపరలు తిరిగి మీ ముఖం మీదే పడతాయి. కలిపిన నీళ్లను ఆ రోజే వాడి మిగిలింది పారబోయండి. సీసాలో దాచి 'ఇదేదో మామూలు నీళ్లు' అని ఎవరో తీసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇప్పుడు కలపడం గురించి. ఇది నా సొంత అనుభవం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

పనిలో చేరిన రెండో ఏడు. కిటికీ లేని చిన్న బాత్రూం. టైల్స్ సందులకు బ్లీచు పూశాను. నల్లదనం చాలావరకు పోయింది, అంచుల్లో తెల్లటి ఉప్పుపొర మాత్రం మిగిలింది. దాన్ని తీయడానికి, బ్లీచు కడగకుండానే, ఆమ్లం ఉన్న టైల్స్ క్లీనర్ పోశాను. రెండూ ఒకే సీసాలో కలపలేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. కొన్ని క్షణాల్లో గొంతు పట్టేసింది, కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి, ఊపిరి తీస్తే ఛాతీలో గుచ్చినట్టయింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి బయటపడ్డాను. వారం రోజులు గొంతు బొంగురుగానే ఉంది. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఒకే గిన్నెలో కలపడమే కాదు, ఒకదాని మీద ఒకటి పోయడం కూడా కలపడమే. మోరీలో కలిసినా కలిసినట్టే.

ఏది దేనితో పడదో గుర్తు పెట్టుకోండి. బ్లీచుకు ఆమ్లం పడదు. వెనిగర్, నిమ్మ ఉప్పు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్లు, తుప్పు మరకలు తీసే ద్రవాలు అన్నీ ఇందులోకే వస్తాయి. వీటితో క్లోరిన్ వస్తుంది. బ్లీచుకు అమ్మోనియా పడదు. అద్దాలు తుడిచే కొన్ని ద్రవాలలో అమ్మోనియా ఉంటుంది, మూత్రం నుంచి కూడా పుడుతుంది. ఆ కలయికతో క్లోరమిన్లు అనే వాయువులు వస్తాయి. స్పిరిట్‌తోనూ కలపకూడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్, వెనిగర్ ఒకే సీసాలో పోస్తే పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది, అది చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. మీరు చెప్పిన సబ్బు ద్రవాన్ని కూడా బ్లీచులో కలపకండి. సీసా మీద పదార్థాలన్నీ రాసి ఉండవు, దేనిలో ఏముందో మనకు తెలియదు.

మీ ఇంట్లో పాకే పాప ఉందని రాశారు. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. అంటే అది నేల మీద, పాప ముక్కు ఎత్తులోనే పేరుకుంటుంది. నిలబడిన మీకు ఘాటు తగిలేసరికి కింద అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. పొరపాటున ఎప్పుడైనా రెండూ కలిసి ఘాటు వస్తే తుడవాలని చూడకండి, గిన్నె ఎత్తి పారబోయాలనీ చూడకండి. అందరినీ తీసుకుని బయటి గాలిలోకి వెళ్లండి. కళ్లు మండితే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగండి. దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరితిత్తుల మీద ప్రభావం కొన్ని గంటలు ఆలస్యంగా కూడా బయటపడవచ్చు.

వెనిగర్, వంటసోడా సంగతి కూడా చెప్పాలి. రెండూ కలపగానే బుసబుస పొంగుతాయి, అది చూస్తే ఏదో గొప్ప పని జరుగుతున్నట్టుంటుంది. నిజానికి ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి తటస్థం చేసుకుని కార్బన్ డయాక్సైడ్ బుడగలు పోగా మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. రెండింటి బలమూ పోయింది. ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు.

విడివిడిగా అయితే వంటసోడా మెత్తటి తోముడు పొడిగా పనికొస్తుంది, ముక్కవాసన కొంత తగ్గిస్తుంది. బూజును చంపే శక్తి దానికి పెద్దగా లేదు. వెనిగర్‌లో 5 శాతం దాకా ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. కొన్ని రకాల బూజు మీద పనిచేస్తుంది, కొన్నిటి మీద చేయదు. పాలరాయి, సున్నపురాయి మీద మాత్రం చుక్క కూడా పడనివ్వకండి, రాతి మెరుపును తినేస్తుంది. సిమెంటుతో నింపిన టైల్స్ సందులను కూడా పదేపదే వాడితే గుల్ల చేస్తుంది. నా పెట్టెలో వెనిగర్ ఉండదు. దానికి బదులు నేను ఉంచుకునేది మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. సబ్బుతో కడిగిన చోట దాన్ని అద్ది పది నిమిషాలు వదిలితే మరక కొంత తేలికవుతుంది, చివరికి నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది, ఘాటు వాసన ఉండదు. రంగు బట్టల మీద, రంగు గోడ మీద ముందు ఓ మూల పరీక్షించాలి, రంగు వెలిసే అవకాశం ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో బ్లీచు కంటే ముందు దీన్నే ప్రయత్నించమంటాను.

ఇక పని ఎలా చేయాలో చూద్దాం.

పాపను, ఇంట్లో ఉబ్బసం ఉన్నవారిని, గర్భిణులను, రోగనిరోధక శక్తి తగ్గినవారిని ఆ పూటకు ఇంకో చోటికి పంపండి. మీకే ఉబ్బసం ఉంటే ఈ పని ఇంకొకరికి అప్పగించండి. గది లోపలి తలుపు మూసి కింద సందులో తడిగుడ్డ పెట్టండి, బయటి వైపు కిటికీ తెరవండి. సీలింగ్ ఫ్యాను, ఏసీ ఆపండి. గాలిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే అది నడవనివ్వండి. ఎన్95 మాస్కు, మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు, పక్కల్లో రంధ్రాలు లేని కళ్లద్దాలు కావాలి. ఎన్95 సిద్ధబీజాలను ఆపుతుంది గానీ బ్లీచు ఘాటును, క్లోరిన్‌ను ఆపదు. మాస్కు ఉంది కదా అని కిటికీ మూయవద్దు.

రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా సబ్బు ద్రవం, ఇంకోదానిలో మంచినీళ్లు. ముందు బూజు మీద స్ప్రేతో నెమ్మదిగా సబ్బునీటి తుంపర పడనివ్వండి. గట్టిగా కొడితే ఆ గాలికే సిద్ధబీజాలు లేస్తాయి. ఐదు నిమిషాలు నానాక మచ్చ అంచు నుంచి మధ్యకు తుడవండి. మధ్య నుంచి బయటికి తుడిస్తే బూజును మీరే పరిచినట్టు. గుడ్డను మడతలు మారుస్తూ వాడి, పూర్తిగా మురికైతే సంచిలో వేయండి. ఒకే గుడ్డను బకెట్లో ముంచి ముంచి గదంతా తుడిచేవాళ్లను చూశాను. నీళ్లు నల్లబడితే వెంటనే మార్చాలి. తర్వాత మంచినీళ్ల గుడ్డతో సబ్బు తీసి, పొడిగుడ్డతో అద్దండి. చివరి పని ఆరబెట్టడం, దాన్ని వదిలేస్తే మిగతా అంతా వృథా. బూజంతా తుడిచాక ఇక ఫ్యాను వేసుకోవచ్చు. గోడ లోపలి దాకా ఆరడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు.

పైకప్పుకు పొడవాటి కర్రకు బిగించిన, బాగా పిండిన స్పాంజి మంచిది. తల ఎత్తి చేతితో రుద్దితే నీళ్లు మోచేతి గుండా చంకలోకి, ఆపైన కళ్లలోకి వస్తాయి. అన్నిటికంటే ముందు ఆ దీపం స్విచ్చి కట్టేయండి.

టైల్స్ సందులకు గట్టి నైలాన్ బ్రష్షు చాలు, ఇనుప పీచు వద్దు. స్నానపు తొట్టె, వాష్‌బేసిన్ అంచుల్లో సందు పూడ్చే రబ్బరులాంటి సిలికాన్ నల్లబడితే మాత్రం ఎంత తోమినా పూర్తిగా పోదు. బూజు దాని లోపలికి, దాని వెనక్కి వెళ్లి ఉంటుంది. బ్లేడుతో కోసి తీసి, ఆ చోటు కడిగి, బాగా ఆరాక కొత్త సిలికాన్ వేయాలి. ఆరే సమయం పోగా గంటలో అయ్యే పని అది. దానికి భయపడి ఏళ్ల తరబడి బ్లీచు పూసేవారున్నారు.

వాషింగ్ మెషిన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతను కూడా ఓసారి వేలితో విప్పి చూడండి. బట్టలు ఉతికాక కూడా ముక్కవాసన వేస్తున్నాయంటే సగం సార్లు కారణం అక్కడే ఉంటుంది. తుడిచి, వాడనప్పుడు తలుపు ఓరగా తెరిచి ఉంచండి. పాప ఉంది కాబట్టి ఆ గదికి గడియ వేయండి.

బూజు పట్టిన వస్తువులలో ఏది ఉంచాలి, ఏది పారేయాలి? ఉతకగలిగిన బట్టలను, ఆ బట్ట తట్టుకునేంత వేడినీళ్లలో ఉతికి ఎండలో పూర్తిగా ఆరేస్తే చాలు. బీరువా లోహానిదైతే తుడిస్తే సరి. గట్టి చెక్కయితే సబ్బుగుడ్డతో తుడిచి ఆరబెట్టవచ్చు. చెక్కపొడి అచ్చుతో చేసిన పలక వెనక ఉబ్బి ఉంటే ఆశ వదులుకోండి. తోలు వస్తువులకు స్పిరిట్‌లో సగం నీళ్లు కలిపి గుడ్డతో అద్దవచ్చు, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని. అట్టపెట్టెలు, నానిన పరుపు, దిండ్లు, బూజు పట్టిన మెత్తటి బొమ్మలు పారేయాల్సిందే. పరుపు విషయంలో ఇంటివాళ్లు నాతో బేరం ఆడతారు. ఎండలో వేస్తాం, పౌడరు చల్లుతాం అంటారు. లోపలి దాకా బూజు వెళ్లిన పరుపును శుభ్రం చేసే మార్గం ఇళ్లలో లేదు, దాని మీద పాపను పడుకోబెట్టవద్దు. పారేసేవాటిని ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి గది లోపలి నుంచే బయటికి తీసుకెళ్లండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. బూజు మీద రంగు వేయవద్దు. మసిపూసి మారేడుకాయ చేసినట్టే అది. బూజు ఉన్న గోడకు రంగు పట్టదు, పెచ్చులుగా లేస్తుంది. ఒక ఇంట్లో మూడేళ్లలో మూడుసార్లు రంగు వేయించారు, మూడోసారి 'బూజు నిరోధక' రంగట. ప్రతిసారీ అదే ఎత్తులో, అదే ఆకారంలో మచ్చ తేలింది. ఆ ఆకారమే నాకు దారి చూపింది. మచ్చ నిలువుగా, సన్నగా, కింద వెడల్పుగా ఉంది. గోడకు అవతలి వైపు బాత్రూం షవరు గొట్టం. దాని అతుకు దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. ప్లంబరు అతుకు మార్చాడు, గోడ నెలన్నర ఆరింది. నాలుగోసారి వేసిన మామూలు రంగు ఇప్పటికీ నిలిచి ఉంది.

అందుకే మచ్చను తుడిచేముందు దాని ఆకారం చూడండి, ఫోనులో ఫొటో తీసి ఉంచండి. నేల నుంచి పైకి ఎగబాకినట్టుంటే నేలచెమ్మ లేదా బయటి నుంచి గోడకు ఇంకే నీరు. ఒకేచోట గుండ్రంగా ఉండి గోధుమరంగు వలయం ఉంటే పైనుంచి లేదా గొట్టం నుంచి కారుడు. మూలల్లో, బీరువా వెనక, కిటికీ చుట్టూ చుక్కలు చుక్కలుగా ఉంటే గదిలోని గాలి తేమే చల్లటి గోడను తాకి చెమర్చడం. మీరు రాసినదాన్ని బట్టి పడకగదిలోది మూడో రకమని నా అనుమానం.

అది ఎలా జరుగుతుందో చూడండి. శిలీంధ్రం మొలవడానికి గోడ మీద నీళ్లు కారనక్కరలేదు, ఆ ఉపరితలాన్ని తాకే గాలిలో సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టగలిగే తేమలో ఎంత శాతం ఉందన్న లెక్క) చాలాకాలం 80 శాతం దాటి ఉంటే చాలు. గది మధ్యలో 25 డిగ్రీల దగ్గర 65 శాతం ఉన్న గాలి, 21 డిగ్రీలున్న గోడను తాకేచోట 80 దాటిపోతుంది. బీరువాను గోడకు ఆనిస్తే ఆ వెనక గాలి ఆడదు, గోడ చల్లగానే ఉంటుంది, తేమ అక్కడే కూర్చుంటుంది. బీరువాను నాలుగైదు అంగుళాలు ముందుకు జరపండి, వీలైతే లోపలి గోడకు మార్చండి. తడిబట్టలు పడకగదిలో ఆరేస్తున్నారా? మెషిన్ నిండా పిండిన బట్టలు ఆరితే లీటరు పైనే నీరు గదిగాలిలో కలుస్తుంది. స్నానం అయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యానును ఇంకో 20, 30 నిమిషాలు నడవనివ్వండి, బాత్రూం తలుపు పడకగదిలోకి తెరిచి పెట్టకండి. ఆర్ద్రత చూపే చిన్న మీటరు ఒకటి కొనుక్కుంటే ఊహలు అక్కరలేదు. అంకె 60 లోపు ఉండాలి, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిది.

గోడ మీద ఉన్నది బూజో కాదో తేల్చుకోవడం కూడా అవసరమే. ఒకాయన రెండేళ్లు నేల దగ్గరి తెల్లటి దూదిలాంటి పూతకు బ్లీచు పూస్తూనే ఉన్నారు. అది బూజు కాదు, గోడలోని ఉప్పు. నీరు బయటికి వస్తూ మోసుకొచ్చి వదిలేది. దాని మీద నీటిచుక్క వేసి వేలితో రుద్దితే కరిగిపోతుంది, బూజు కరగదు. నల్లమచ్చ బూజో మామూలు మసో తెలియకపోతే నీళ్లు కలిపిన బ్లీచు ఒక చుక్క అద్దండి. ఒకటి రెండు నిమిషాల్లో రంగు తేలికైతే బూజే కావచ్చు, మసి అలాగే ఉంటుంది.

'నల్లబూజు అంటే ప్రాణాంతకం' అన్న భయం కూడా మీ ప్రశ్నలో కనిపించింది. స్టాకీబోట్రిస్ అనే ఒక రకం నల్లగా ఉంటుంది, దాని గురించి చాలా ప్రచారం జరిగింది. కానీ నల్లగా ఉండే బూజు రకాలు చాలా ఉన్నాయి, రంగు చూసి ఏదీ చెప్పలేం. ఏ రకమైనా చేయాల్సింది ఒకటే కాబట్టి పరీక్షలకు డబ్బు పెట్టమని నేను సాధారణంగా చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంటిలోపలి చెమ్మ, బూజు మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా సురక్షితమైన బూజు మోతాదు అంటూ ఒక అంకె పెట్టలేదు, చెమ్మను నివారించమనే చెప్పింది. అయితే పాపకు దగ్గు, పిల్లికూతలు ఉంటే గోడ సంగతి తర్వాత, ముందు పిల్లల డాక్టరుకు చూపించి ఇంట్లో బూజు ఉందని చెప్పండి.

మీరే చేయకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. బూజు మొత్తం కలిపి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న చదరం కంటే ఎక్కువైతే, మురుగునీరు చేరిన గదైతే, ఏసీ గొట్టాల లోపల పట్టి ఉంటే, గోడ వేలితో నొక్కితే లోపలికి పోతుంటే ఆ పని తెలిసినవారిని పిలవండి. ఏసీ గొట్టాల్లో ఉందని అనుమానమొస్తే అది చూపించేదాకా ఏసీ వేయకండి. ఇల్లు కొత్తగా నీటమునిగిన సందర్భంలో లెక్క గంటల్లోనే ఉంటుంది. తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టగలిగితే చాలావరకు బూజు పట్టదు.

మీ ఇంట్లో ఏ క్రమంలో మొదలుపెట్టాలంటే, ఈ రోజే బీరువా జరిపి ఫొటో తీయండి. బూజు తుడిచి గోడ పైకి పొడిగా అయ్యాక, అదే చోట జానెడు చదరపు మందపాటి ప్లాస్టిక్ షీటు పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులు ఆగి చూడండి. చెమ్మ షీటుకు గది వైపున ఉంటే అది గదిగాలిదే, పైన చెప్పినట్టు గాలి ఆడేలా చేస్తే సరిపోతుంది. షీటుకు గోడ వైపున చుక్కలుంటే నీరు గోడలోంచే వస్తోంది. అప్పుడు ఆ గోడకు బయటి వైపు ఏముందో, పగుళ్లు, గొట్టాలు, నీరు నిలిచే చోటు లాంటివి, ఫొటోతో పాటు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.